గాజు సిరంజిని ఉడకబెట్టే పద్ధతి

1982లో నేను నర్సుగా చేరినప్పుడు వాడి పారేసే సిరంజి అంటే అపురూపం. "ఒకే సిరంజి అందరికా మేడమ్?" అని ఇప్పటి పిల్లలు నోరెళ్లబెడతారు. అవును, ఇలా ఉడకబెట్టి.

ముందు పిస్టన్‌ని గొట్టంలోంచి తీసి రెండూ కడగాలి. రెండిటి మీదా ఒకే నంబర్ ఉందో లేదో చూసుకోవాలి. జత మారితే మందు వెనక్కి కారుతుంది, లేదంటే పిస్టన్ బిగుసుకుపోతుంది. గాజ్ గుడ్డలో (కట్టు కట్టే పల్చటి గుడ్డ) చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో చన్నీళ్లలోనే పెట్టి స్టవ్ వెలిగించాలి. మరిగే నీళ్లలో వేస్తే టప్పున పగులుతుంది (నేనూ ఒకటి పగలగొట్టి హెడ్ సిస్టర్ చేత చీవాట్లు తిన్నాను). నీళ్లు తెర్లడం మొదలయ్యాక 20 నిమిషాలు. మధ్యలో మూత తీశారో, మళ్లీ మొదటి నుంచే లెక్క.

సూదితోనే అసలు టెన్షన్. మొనను దూది మీద లాగాలి. ఒక్క పోగు చిక్కుకున్నా మొన వంగినట్టే, రాయి మీద సాన పట్టాల్సిందే. మొద్దు సూదితో పెన్సిలిన్ పొడిస్తే పేషెంట్ వారం దాకా మన మొహం చూడడు!

మరిగించినా కొన్ని సూక్ష్మజీవుల స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) చావవు. ఇప్పుడెవరైనా ఇలా చేస్తానంటే నేనే ఒప్పుకోను. అలాంటి స్టీలు డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంది, కుట్టు సూదులు వేసుకుంటున్నాను.