భూమికి ఆవల జీవం: తర్కించడం నేర్చుకుందాం
మూడవ పాఠం – ఆక్సిజన్ చేసే పని ఏమిటి?

గత పాఠంలో ఉష్ణోగ్రతను పరిశీలించాము. సముద్రగర్భంలోని వేడినీటి బుగ్గల దగ్గర దొరికే మెథనోపైరస్ కాండ్లరై అనే సూక్ష్మజీవి అధిక పీడనంలో 122 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా వృద్ధి చెందగలదని తెలిశాక, "మనం తట్టుకోలేని వేడిలో ఏదీ బతకదు" అన్న వాక్యాన్ని కొట్టివేశాము. ఈసారి తీసుకునే వాక్యం అంతకన్నా మొండిది: "ఆక్సిజన్ లేని చోట జీవం ఉండదు." దీన్ని నోటుపుస్తకంలో పైన రాసుకుని, కింద ఒక ప్రశ్న రాయండి: ఆక్సిజన్ మన ఒంట్లో చేస్తున్న పని ఏమిటి?

ఈ పాఠానికి ఆయువుపట్టు ఈ ప్రశ్నే. ఒక పదార్థం లేకపోతే మనం చచ్చిపోతామంటే, అది చేసే పని మనకు అవసరమని తేలుతుందే తప్ప, ఆ పనిని మరేదీ చేయలేదని తేలదు.

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి కణాలకు చేరుతుంది. కణం దాని నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీసి, ఒక ప్రొటీన్ నుంచి మరొక ప్రొటీన్‌కు అందిస్తూ పోతుంది. ఆ క్రమంలో విడుదలయ్యే శక్తితోనే మన గుండె కొట్టుకుంటుంది, మన మెదడు ఆలోచిస్తుంది. వరుస చివర ఆ ఎలక్ట్రాన్లను పుచ్చుకునేది ఒకటి ఉండి తీరాలి. మురుగు కాలువ పూడిపోతే పైనున్న మడులన్నింటిలో నీరు నిలిచిపోయినట్లు, పుచ్చుకునేది లేకపోతే వరుస మొత్తం స్తంభిస్తుంది. మన కణాలలో ఆ చివరి స్థానంలో ఉన్నది ఆక్సిజన్. కాబట్టి మీ ప్రశ్న కింద జవాబుగా "ఎలక్ట్రాన్లను పుచ్చుకోవడం" అని రాయండి. ఊపిరి అన్న మాట రాయకండి. ఆ మాట రాయగానే మన బుద్ధి మళ్లీ ముక్కు, ఊపిరితిత్తుల దగ్గరికే పోతుంది.

ఇక ఈ పనిని మరేదైనా చేయగలదా? దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. వేసవిలో నీరు తీసిన చెరువు అంచున ఒక కర్రను జానెడు లోతు గుచ్చి పైకి తీయండి. పైన పలుచగా గోధుమరంగు మట్టి ఉంటుంది, దాని కింద కాటుకలాంటి నల్లటి బురద అంటుకుని వస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. గాలి చొరని ఆ బురదలో గంధకపు సమ్మేళనమైన సల్ఫేట్‌కు ఎలక్ట్రాన్లను అప్పగించి బతికే సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ వాసన వాటి నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది మట్టిలోని ఇనుముతో కలిస్తే ఆ నలుపు వస్తుంది. ఇక గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అక్కర్లేకపోవడమే కాదు, అది వాటికి విషం కూడా. తొట్టిలోకి గాలి చొరబడకుండా చూసుకునేది ఇందుకే.

ఇక్కడ జాగ్రత్తగల పాఠకులు ఒక అభ్యంతరం లేవనెత్తాలి, అది న్యాయమైనది కూడా. పేడ గడ్డి నుంచి వచ్చింది, గడ్డి సూర్యరశ్మితో పెరిగింది. అలాంటప్పుడు ఈ సూక్ష్మజీవులు పచ్చని లోకం వదిలేసిన ఎంగిలి మీద బతుకుతున్నట్లే కదా? ఈ సందేహం తీరాలంటే దక్షిణాఫ్రికాలోని మ్పోనెంగ్ బంగారు గనిలోకి, 2.8 కిలోమీటర్ల లోతుకు దిగాలి. అక్కడి రాతి పగుళ్లలో ఊరిన, సుమారు 60 డిగ్రీల వేడిగల నీటిలో డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయేటర్ అనే బాక్టీరియా దాదాపు ఒంటరిగా జీవిస్తున్నట్లు 2008లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. రాతిలోని యురేనియం వంటి మూలకాల రేడియోధార్మికత నీటి అణువులను చీల్చినప్పుడు పుట్టే హైడ్రోజన్ దానికి ఆహారం, సల్ఫేట్ దాని ఎలక్ట్రాన్లను పుచ్చుకునేది. ఎండతో గాని, గాలితో గాని దానికి నిమిత్తం లేదు. ఈ ఒక్క జీవి గురించి చదివిన రోజున, ఏ గ్రహం పేరు విన్నా ముందు దాని ఉపరితలాన్ని గురించే ఆలోచించే నా అలవాటు మారిపోయింది.

ఇప్పుడు ఈ పద్ధతిని శనిగ్రహపు ఉపగ్రహమైన ఎన్‌సెలాడస్‌కు వర్తింపజేద్దాము. దాని వ్యాసం సుమారు 500 కిలోమీటర్లు. మంచుపొర కింద ఉప్పునీటి సముద్రం ఉంది. దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్ల నుంచి ఆ నీరు అంతరిక్షంలోకి చిమ్ముతున్నట్లు కాసినీ అనే అంతరిక్ష నౌక 2005లో కనుగొన్నది. 2015లో అదే నౌక ఆ చిమ్మెన గుండా ప్రయాణించి సేకరించిన వివరాలలో హైడ్రోజన్ అణువులు ఉన్నట్లు 2017లో వెల్లడైంది. కార్బన్ డయాక్సైడ్ కూడా అందులో ఉంది. మీ నోటుపుస్తకంలో రెండు గడులు గీయండి. ఎలక్ట్రాన్లను ఇచ్చేది: హైడ్రోజన్. పుచ్చుకునేది: కార్బన్ డయాక్సైడ్. ఈ జంటతోనే మన గోబర్ గ్యాస్ తొట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేసుకుంటూ బతుకుతాయి.

రెండు గడులూ నిండాయి కనుక అక్కడ జీవం ఉన్నదని రాయకూడదు. "ఆక్సిజన్ లేదన్న కారణంతో ఎన్‌సెలాడస్‌ను తోసిపుచ్చలేము" అన్నంత వరకే రాయాలి. అంతేకాక, సల్ఫేట్ లేదా కార్బన్ డయాక్సైడ్ ద్వారా దొరికే శక్తి ఆక్సిజన్ ద్వారా దొరికేదానికన్నా చాలా తక్కువ. కనుక అటువంటి చోట మనం ఆశించదగినది నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవులనే గాని, పరుగెత్తే జంతువులను కాదు. భూమి మీద కూడా జీవం కనీసం 350 కోట్ల ఏళ్ల నాటిది కాగా, గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగినంతగా చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితమే. అంతకాలమూ ఈ నేల మీద బతికినవి సూక్ష్మజీవులే.

అభ్యాసం: శని చుట్టూ తిరిగే టైటన్ ఉపరితలం దాదాపు మైనస్ 179 డిగ్రీల చలిలో ఉంటుంది. అక్కడి సరస్సులు ద్రవ మీథేన్, ఈథేన్‌లవి. గాలిలో హైడ్రోజన్, అసిటిలీన్ ఉన్నాయి. ఈ రెండూ కలిసి మీథేన్‌గా మారితే శక్తి విడుదలవుతుంది. ముందుగా రెండు గడులు నింపండి. ఆ తరువాత మూడవ గడి గీసి, మన కణాలలో నీరు చేసే పనులను ఒక్కొక్కటిగా అందులో రాయండి. వాటిలో ద్రవ మీథేన్ చేయగలవి ఏవో, చేయలేనివి ఏవో గుర్తు పెట్టండి. నాలుగవ పాఠం ఆ మూడవ గడితోనే మొదలవుతుంది.