కౌంటర్లో చెప్పేవాళ్లు లేనప్పుడు సరైన పార్టు కొనడం

ఎలక్ట్రానిక్ పార్టుల షాపుల్లో సర్క్యూట్ తెలిసి సలహా ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. అందుకే బయల్దేరే ముందే డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూసి, పార్టు నంబరు ఒక్క అక్షరం పోకుండా రాసుకోండి.

ఆ ఒక్క అక్షరమే కొంప ముంచుతుంది. ఐఆర్ఎల్‌జడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) అడిగితే "రెండూ ఒకటే" అని ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ చేతిలో పెడతారు. మొదటిది గేటుకు (దాన్ని ఆన్ చేసే కాలుకు) 5 వోల్టులిస్తే బాగా ఆన్ అవుతుంది, రెండోదానికి 10 కావాలి. మైక్రోకంట్రోలర్ ఇచ్చే 5 వోల్టులతో నడిపితే రెండోది అరకొరగా ఆన్ అయి, పెద్ద మోటారు లోడుకు కాలిపోయేంత వేడెక్కుతుంది. దాని డేటాషీట్లో థ్రెషోల్డ్ (ఆన్ అవడం మొదలయ్యే గేటు వోల్టేజీ) 2 నుంచి 4 వోల్టులని చూసి సరిపోతుందనుకోకండి, అది 250 మైక్రోఆంపియర్ల కరెంటుకే. ఆన్ రెసిస్టెన్స్ (ఆన్ అయినప్పుడు ఉండే నిరోధం) ఏ గేటు వోల్టేజీ దగ్గర ఇచ్చారో, అది చూడాలి.

బీసీ547 ట్రాన్సిస్టర్ బదులు 2ఎన్3904 చాలాచోట్ల పనికొస్తుంది కానీ కాళ్ల వరస తిరగబడుతుంది. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉంచితే ఎడమనుంచి బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్; 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు మైక్రోఫారడ్లు అవే ఉండాలి, వోల్టులు ఎక్కువైనా ఫర్వాలేదు. స్విచింగ్ సప్లైకైతే 105 డిగ్రీల వేడి తట్టుకునేది, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నది అడగండి. పాతదాని వ్యాసం, ఎత్తు కొలుచుకుని వెళ్లండి.