రెమెడియల్ క్లాసులు జరుగుతున్నా మార్కులు పెరగడం లేదా?

సమస్య: ప్రత్యేక తరగతులు మొదలై ఒక టర్మ్ గడిచింది. టీచర్లు కష్టపడుతున్నారు, వర్క్‌షీట్లు పూర్తవుతున్నాయి. వెనకబడ్డ పిల్లల మార్కులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముందు హాజరు పట్టీ తీయండి. మొత్తం ఎంతమంది వచ్చారని లెక్కపెట్టి వదిలేయొద్దు. ఎవరి కోసం క్లాసు పెట్టారో ఆ పేర్లను ఒక్కొక్కటిగా చూడండి. ఈ చిన్న పని చేయకుండానే పుస్తకాలు మార్చేస్తారు, టీచర్ని మార్చేస్తారు. గది నిండుగానే ఉంటుంది, కానీ వచ్చేది బాగా చదివే పిల్లలే. రావాల్సినవాళ్లు బస్సు వెళ్లిపోతుందనో, తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్లాలనో బెల్లు కొట్టగానే వెళ్లిపోతారు. అలాగైతే క్లాసును బడి వేళల్లోకి తెండి. రోజూ జరిగే లెక్కల పీరియడ్ మాత్రం తీసేయకండి, తీసేస్తే నేర్చుకునే సమయం పెరగనే పెరగదు.

హాజరు బాగుండీ మార్కులు కదలకపోతే, నన్ను మళ్లీ మళ్లీ ఇబ్బంది పెట్టిన కారణాన్నే అనుమానించండి: చెప్పే పాఠం ఈ తరగతిది, లోటు కింది తరగతులది. మార్కుల జాబితాలో ఇది కనపడదు. భిన్నాల్లో 20కి 4 వచ్చాయని ఉంటే అందరూ భిన్నాలే మళ్లీ చెబుతారు. ఆ పిల్లవాడి నోట్‌బుక్ తెరిస్తే 52 - 27 = 35 అని ఉంటుంది. అజాగ్రత్త అనుకోకండి. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్నది వాడి నియమం, ప్రతి లెక్కలోనూ దాన్నే నిక్కచ్చిగా పాటిస్తున్నాడు. పక్కనే ఇంకో పాప 1/2 + 1/3 = 2/5 అని రాసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. ఆ లెక్కకు ఇద్దరికీ వచ్చింది సున్నాయే, చెప్పాల్సిన పాఠాలు మాత్రం వేరు.

పరిష్కారం: సిలబస్ పక్కన పెట్టి, కింది తరగతుల చదవడం, తీసివేత, భాగహారం మీద చిన్న టెస్ట్ పెట్టండి. తప్పు రాసిన పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగి, మధ్యలో దిద్దకుండా వినండి. తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేయండి. తీసివేత దగ్గర ఆగినవాడికి పుల్లలు పదేసి కట్టలు కట్టివ్వండి. చేతిలో 5 కట్టలు, 2 విడి పుల్లలు ఉన్నాయి, 27 ఇవ్వాలి. ఒక కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది. రెండు మూడు వారాలకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చండి. లేకపోతే పిల్లవాడు అడుగు గుంపులోనే ఉండిపోతాడు, తన స్థాయి ఇంతేనని నమ్మేస్తాడు కూడా. సిలబస్ పూర్తి కాదేమోనన్న టెన్షన్ సహజమే, కానీ అర్థం కాని పాఠం పూర్తయినా పిల్లవాడికి దక్కేదేమీ లేదు.

మాటల్లో ఇచ్చిన లెక్కల్లోనే తప్పుతుంటే ప్రశ్న మీరే చదివి వినిపించండి. వెంటనే చేసేస్తే లోటు చదవడంలో ఉంది.

చూపు, వినికిడి సమస్యలు కొందరికి ఉండొచ్చు, పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. చివరి పరీక్ష పేపర్ మొదటిదానికంటే కష్టంగా ఉన్నా మార్కులు పెరగనట్టే కనిపిస్తుంది. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి ఓసారి చూడండి, చాలు.