చిన్న పెరటికి పచ్చని దడి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇంటికీ ప్రహరీకీ నడుమ మిగిలే సన్నని జాగాలో దడి పెంచాలంటే, మొక్క ఎత్తుకన్నా ముందు అది ఎంత వెడల్పు పాకుతుందో చూడాలి. 40 డిగ్రీలు దాటే ఎండనూ చల్క నేలనూ తట్టుకొని, కత్తిరించినకొద్దీ గుబురయ్యే గోరింటనే నేను ముందుగా ఎంచుతాను. నీరు బొత్తిగా అందకపోతే మాత్రం అది ఆకు రాలుస్తుంది. గన్నేరు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది కానీ, దాని ప్రతి భాగమూ విషమే గనుక పసిపిల్లలు, మేకలు తిరిగే చోట వద్దు. నూరువరహాలు ఎంత అందమైనవైనా, సున్నం ఎక్కువున్న బోరునీటికి వాటి ఆకులు పసుపెక్కుతాయి. త్వరగా పెరుగుతుందని నర్సరీవారు చెప్పినా కోనోకార్పస్‌ను తీసుకోకండి. దాని వేర్లు పైపుల్లోకి దూరుతాయి. తొలకరి పడ్డాక మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం ఉంచి నాటి, మోకాలెత్తు రాగానే కొసలు తుంచితే, మొదలు నుంచే కొమ్మలు చిక్కబడతాయి.