బిడ్డ నోరు తెరిచి చెప్పినప్పుడు ఏం చెయ్యాల
కావలి కానీ కందుకూరు కానీ, మన ఇళ్ళల్లో బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని బయటపడితే ముందొచ్చే మాట "ఎవరితో అనబాక, పరువు పోద్ది". అదే వద్దు. బిడ్డ చెప్తా ఉంటే ఆపకుండా వినండి, అరవబాకండి, "ఆడికెందుకు పోయినావు" అని అస్సలు అడగబాకండి. "చెప్పి మంచిపని చేశావు నాయనా, తప్పు నీది కాదు" అంటే చాలు. చుట్టాలొచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి చెప్పిస్తారు చూడండి, అది బిడ్డకి ఇంకో దెబ్బ.

ఈమధ్యే జరిగుంటే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టుకుని పెద్దాసుపత్రికి పొండి, 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన మందులుంటాయి, ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తాం అనకూడదు వాళ్ళు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులు యూనిఫాం లేకుండా వచ్చి బిడ్డ మాట రాసుకోవాల, రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు.

చేసినోడు బాబాయో పక్కింటి మామో అయితే (ఎక్కువగా తెలిసినోళ్ళే) పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేద్దాం అంటారు, ఒప్పుకోబాకండి, వాడు మళ్ళీ ఆ గడప తొక్కకూడదు, ఇంట్లో ఇంకా పిల్లలుంటే వాళ్ళనీ మెల్లిగా కదిలించి చూడండి. బిడ్డ పేరు, ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడితే అదీ నేరమే.