తడి మీద తడి: ఆకాశంలో మరకలు ఇలా పోయాయి

తడి ఆరకముందే దాని మీద మరో తడి రంగు వేసే పద్ధతిలో, వాటర్‌కలర్‌లో ఆకాశం వేస్తుంటే మధ్యలో కాలీఫ్లవర్ లాంటి మరకలు తేలేవి. రంగు మార్చినా, కుంచె మార్చినా పోలేదు. కిటుకు కాగితం మెరుపులో దొరికింది. కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. నీళ్లు నిలిచి తళతళలాడుతుంటే రంగు ఎటు పడితే అటు పారుతుంది. మెరుపు మందగించినప్పుడే రెండో రంగుకి అదను. మెరుపు పోయి, ముట్టుకుంటే చల్లగా మాత్రమే తగులుతుంటే ఇక చెయ్యి పెట్టకూడదు. అప్పుడు పడిన నీళ్లే పాత రంగును పక్కకు నెట్టి మరక చేస్తాయి. కుంచెలో తడి కాగితం మీది తడి కంటే తక్కువ ఉండాలి, అందుకే ముంచిన ప్రతిసారీ గుడ్డకి అద్దుతాను. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) మందపాటి కాటన్ కాగితం తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. ఈ ఖర్చుకు మాత్రం వెనకాడొద్దు.

అక్రిలిక్‌లో చిక్కు వేరు, కలిపేలోపే ఆరిపోతుంది. స్ప్రేతో సన్నగా నీళ్లు చల్లి, రంగులో కొద్దిగా రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే మందు) కలిపాక అంచులు మెత్తగా కలిశాయి. రిటార్డర్ ఎక్కువైతే జిగట వదలదు.

ఆయిల్‌లో టైమ్ బోలెడు. కానీ రంగులన్నీ కలిసిపోయి మట్టిరంగులోకి తిరుగుతాయి. ఆరని అడుగు పొర చిక్కగా ఉంటే పై రంగును చుక్క నూనెతో పలచన చేస్తున్నాను, చక్కగా అంటుకుంటోంది. గీత గీతకీ కుంచె తుడవాల్సిందే.