బిల్డింగులు చాలా దేశాల్లో ఉన్న కంపెనీలో సస్టైనబిలిటీ బాధ్యత ఎవరెవరికి, ఎలా అప్పగించాలి

ఇలాంటి కంపెనీలో సస్టైనబిలిటీ ఎవరు చూస్తారని అడిగితే "దానికో టీమ్ ఉంది కదా" అంటారు. ఆ టీమ్‌లో ఉండేది నలుగురో ఐదుగురో. వాళ్ల చేతిలో ఒక్క చిల్లర్ (బిల్డింగ్ మొత్తం ఏసీకి చల్లదనం ఇచ్చే పెద్ద యంత్రం) కూడా ఉండదు, ఒక్క లీజు మీద కూడా వాళ్లు సంతకం పెట్టరు. కాబట్టి ఈ పని మీ మీద పడితే టార్గెట్లు, స్లోగన్లు పక్కన పెట్టి ముందు ఒక బిల్డింగ్ కరెంటు బిల్లు తెప్పించుకోండి.

దాంతోపాటు డీజీ సెట్ల (డీజిల్ జనరేటర్ల) డీజిల్ లెక్క, నీళ్ల ట్యాంకర్ల రసీదులు, ఏసీల్లో గ్యాస్ నింపిన రికార్డు కూడా. ఒక్కోదాని పక్కన మూడు పేర్లు రాయండి: నమోదు చేసేది ఎవరు, తప్పుంటే పట్టుకోవాల్సింది ఎవరు, తగ్గించడానికి డబ్బు మంజూరు చేయాల్సింది ఎవరు. పోస్టుల పేర్లు కాదు, మనుషుల పేర్లు. నేను పనిచేసిన ఒక చోట ఒక సైట్ వాళ్లు డీజిల్‌ను లీటర్లలో పంపారు, ఇంకో సైట్ వాళ్లు రూపాయల్లో పంపారు, రెండూ ఒకే కాలమ్‌లో కూడేశారు. ఆడిటర్ అడిగేదాకా ఎవరి కంటా పడలేదు. సైట్ వాళ్లు హెడ్డాఫీసు అన్నారు, హెడ్డాఫీసు వాళ్లు సైట్ అన్నారు, ఆ వారమంతా టెన్షనే. చూడాల్సిన మనిషి పేరు ఎక్కడా రాసి లేకపోవడమే అసలు తప్పు, ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మూడో పేరు దగ్గర అందరూ నీళ్లు నములుతారు. చిల్లర్ పాతబడి కరెంటు తాగేస్తోందని ఫెసిలిటీ మేనేజర్‌కి బాగా తెలుసు, కానీ కొత్తది కొనే అధికారం ఆయనకు లేదు. బడ్జెట్ ఆ బిల్డింగ్ ఆదాయ వ్యయాలు చూసే అసెట్ మేనేజర్ దగ్గర ఉంటుంది, ఆయనేమో అద్దెలు, ఖాళీలు చూసుకుంటూ ఉంటాడు. తగ్గింపు బాధ్యత అసెట్ మేనేజర్ పేరున రాయాలి, ఆయన బోనస్‌లోనూ అది కనపడాలి.

ఇక పైస్థాయి. సింగపూర్ కంపెనీ క్యాపిటాల్యాండ్ ఇన్వెస్ట్‌మెంట్‌ని చూడండి, హైదరాబాద్ మాదాపూర్‌లోని ఇంటర్నేషనల్ టెక్ పార్క్ ఆ గ్రూపు ట్రస్టుదే. అక్కడ వ్యూహం, సస్టైనబిలిటీ కలిపి చూసే కమిటీ బోర్డులోనే ఉంది. 2030 దాకా ఏం చేయాలో చెప్పే మాస్టర్ ప్లాన్‌ను గ్రూపు 2020లో ప్రకటించింది, సీనియర్ మేనేజ్‌మెంట్ జీతభత్యాలకు ఈ లక్ష్యాలను ముడిపెట్టింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి: కొత్త ఆస్తి కొనే ముందే పర్యావరణ ప్రభావం లెక్కవేస్తారు, వెలువడే కార్బన్‌కు కంపెనీ లెక్కల కోసం టన్నుకింత అని ఒక ధర పెట్టుకుని పెట్టుబడి నిర్ణయంలో అది కూడా కలుపుతారు. అంటే బిల్డింగ్ కొనే టీమ్ కూడా జవాబుదారీ అవుతుంది. మీ దగ్గర కొనుగోలు ఫైల్లో ఈ కాగితం లేకపోతే ముందు అది పెట్టించండి.

లీజింగ్ వాళ్లను మర్చిపోతే మాత్రం మీ లెక్క సగమే. ఉద్గారాలను, అంటే గాల్లోకి వదిలే కార్బన్ వాయువులను, స్కోప్ అనే మూడు వర్గాలుగా లెక్కిస్తారు: మీరే నేరుగా వదిలేవి 1, మీరు కొన్న కరెంటు వల్ల వచ్చేవి 2, మీ వ్యాపారంతో ముడిపడి వేరేవాళ్ల దగ్గర వెలువడేవి 3. బిల్డింగ్ నిర్వహణ మీ చేతిలో ఉంటే మీ జనరేటర్లలో కాలిన డీజిల్ స్కోప్ 1, కామన్ ఏరియాకు మీరు కొన్న కరెంటు స్కోప్ 2. అద్దెకున్న కంపెనీ తన ఫ్లోర్లలో సొంత మీటర్ మీద కొనుక్కుని వాడేది మామూలుగా మీకు స్కోప్ 3 కిందికి, అందులో అద్దెకిచ్చిన ఆస్తుల కోసం ఉన్న 13వ కేటగిరీలోకి వస్తుంది. ఆఫీసు బిల్డింగుల్లో చాలాచోట్ల పెద్ద వాటా అదే, అయినా ఆ యూనిట్లు చెప్పమని వాళ్లను అడిగే హక్కు మీ లీజులో రాసి ఉండాలి కదా. సంతకాలు అయ్యాక ఆ క్లాజు పెట్టాలంటే రెన్యువల్ దాకా ఆగాల్సి వస్తుంది. అందుకే డేటా ఇవ్వడం, సబ్ మీటర్లు (ఒక్కో అద్దెదారు వాడకాన్ని విడిగా కొలిచే మీటర్లు) పెట్టడం అనే రెండు షరతులు ప్రతి కొత్త లీజులో ఉండేలా చూసే పని లీజింగ్ హెడ్‌ది.

ప్రతి దేశానికీ ఒక బాధ్యుడు కావాలి. రోజువారీగా ఆ దేశం హెడ్‌కి, పద్ధతుల విషయంలో గ్రూపు టీమ్‌కి ఆయన జవాబు చెప్పాలి. మన దేశంలో మార్కెట్ విలువ ప్రకారం టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, బీఆర్‌ఎస్‌ఆర్ అనే సస్టైనబిలిటీ రిపోర్టును 2022-23 నుంచి తప్పనిసరి చేసింది, బాధ్యత వహించే అత్యున్నత అధికారి ఎవరని అందులో నేరుగా అడుగుతుంది. మీ కంపెనీ ఆ జాబితాలో లేకపోయినా మీ టెనెంట్లు ఉంటే వాళ్లు మిమ్మల్ని లెక్కలు అడుగుతారు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, చాలా విదేశీ కంపెనీలది జనవరి నుంచి డిసెంబర్. డేటా నెలవారీగా తీసుకుంటే ఏ రిపోర్టుకైనా పనికొస్తుంది, ఏడాదికోసారి తీసుకుంటే రెండుసార్లు ఏడవాలి.

బోనస్‌కు ముడిపెట్టే అంకె విషయంలో జాగ్రత్త. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గ్రిడ్‌లోకి సోలార్, గాలి కరెంటు ఎక్కువ వస్తే, బిల్డింగ్‌లో ఎవరూ ఏమీ చేయకపోయినా ఉద్గారాలు తగ్గినట్టు కనిపిస్తాయి. ఫెసిలిటీ మేనేజర్‌ను చదరపు అడుగుకు ఎన్ని యూనిట్లు వాడారన్న దానితో కొలవండి, ఎంత భాగం అద్దెకు నిండిందో పక్కనే చూడండి, లేకపోతే ఖాళీ బిల్డింగ్‌కి ప్రైజు వస్తుంది.

ఆ పేర్ల షీట్‌ను మనిషి మారిన రోజే మార్చండి. వెళ్లేవాళ్లు మీటర్ల జాబితా, బిల్లుల ఫోల్డర్, ఇంకా తేలని తేడాలు ఒక్కోటీ కొత్తవాళ్లకు చూపించి, ఇద్దరూ సంతకం పెట్టాకే రిలీవింగ్ లెటర్ ఇమ్మని హెచ్‌ఆర్‌కి చెప్పండి.